పదిహేడు ప్లేట్ల బ్యాటరీ

మురహరిరావు దొర మోటరు కదలాలంటే అయిదుగురు మనుషులు కావాలి. లోపల కూర్చుని గేరు వేసేవాడు ఒకడు, వెనకనుంచి నెట్టేవాళ్ళు నలుగురు. లోపల కూర్చునేది డ్రైవర్ సాయిలు. వెనక నెట్టేది దొర గడిలో ఆ యేడు వెట్టికి వంతు వచ్చిన ఇండ్లవాళ్ళు.

అది ఊళ్ళలో తిరిగే మామూలు మోటరు కాదు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, చేపతోకలా సన్నబడిన వెనకభాగం. హైదరాబాదులో ఒక నవాబు పందేల కోసమని విలాయతు నుంచి తెప్పించుకుని, పన్నెండేళ్ళు తిప్పి, మోజు తీరాక అమ్మేస్తే దొర కొన్నాడు. ఎల్లారెడ్డి తాలూకా మొత్తంలో అటువంటిది ఇంకొకటి లేదు. ఇంజను ఇప్పటికీ దిట్టంగానే ఉంది. చచ్చింది బ్యాటరీ ఒక్కటే. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పి లేపవచ్చు గానీ, పందెపు ఇంజను గనక ఎదురు తన్నుతుంది. నిరుడు అట్లా తన్నినప్పుడే సాయిలు కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. డ్రైవర్ చేయి విరిగితే మోటరు నెలరోజులు కొట్టంలోనే పడి ఉంటుందని దొరకు అప్పుడు అర్థమైంది. ఆ రోజునుంచి హ్యాండిల్ ముట్టవద్దన్నాడు. నెట్టేవాళ్ళకు కొదవ లేదన్నాడు.

యుద్ధం మొదలైన రెండో ఏటి చలికాలం. పొద్దున్నే దొర లింగంపేటకు బయల్దేరి సాయిలు పక్కన కూర్చున్నాడు. కొట్టం నుంచి గడి దర్వాజ దాకా నేల చిన్న ఎత్తు. ఆ ఎత్తు ఎక్కించి దర్వాజ దాటిస్తే అవతల పల్లం. ఆ పల్లంలో ఇంజను అందుకుంటుంది. బాలనర్సయ్య, వెంకటి, పోచయ్య, ఇంకొకడు భుజాలు ఆనించి నెడుతున్నారు. మంచుకు నేలలోని రాళ్ళు తడిసి ఉన్నాయి. పోచయ్యకు యాభై దాటాయి. అతని కాలు జారడం సాయిలుకు కనబడలేదు, బండి బరువు వెనక్కు వాలడం మాత్రం తెలిసింది. బ్రేకు తొక్కాడు. అప్పటికే వెనక చక్రం పోచయ్య కుడిపాదం మీదికి ఎక్కి ఆగింది.

పోచయ్య అరవలేదు. "సాయిలూ, జెర ముందుకు పోనియ్యి," అన్నాడు.

ముందుకు పోనివ్వడానికి సాయిలు చేతిలో ఏముంది? మిగిలిన ముగ్గురూ బండిని మళ్ళీ నెడితేగానీ అతని కాలు బయటికి రాలేదు. మూడు వేళ్ళు నలిగి, గోళ్ళు ఎటుపోయాయో తెలియకుండా అయ్యాయి. బాలనర్సయ్య తన తలగుడ్డ చింపి కట్టాడు. దొర కిందికి దిగి, చక్రం చూసి, మోటరు తోక మీద చేయి వేసి నిమిరి, రంగు గీసుకుపోలేదు కదా అని అడిగాడు. పోచయ్య స్థానంలో ఎవరినైనా పిలవమన్నాడు. వెంకటి పరుగెత్తి ఒకణ్ణి పట్టుకొచ్చాడు. మోటరు లింగంపేటకు పోయింది.

దారిలో దొర చెప్పిన మాటల్లో పోచయ్య ఊసు లేదు. పన్నెండు రోజుల్లో తాలూక్దారు సాహెబు ఎల్లారెడ్డిలో మకాం వేస్తాడట. ఆయనకు మోటర్లంటే పిచ్చి. ఈ పందెపు మోటరు సంగతి విని చూస్తానన్నాడట. అంతటి అధికారి ముందు నలుగురు చెమటోడ్చి నెట్టడం ఏమి మర్యాద?

"రేపే కామారెడ్డి పో. బ్యాటరీ పట్కరా. ఇప్పుడున్న డబ్బాల పట్టేదే తేవాలె. బండిని యాడా కొయ్యొద్దు," అన్నాడు దొర.

ఎందుకోసమైతేనేం, బ్యాటరీ వస్తున్నదని సాయిలుకు లోపల సంతోషంగా ఉంది. అది బయటికి కనబడకుండా రోడ్డు మీదే చూపు పెట్టుకుని నడిపాడు.

మర్నాడు కామారెడ్డి బస్సు ఎక్కడానికి ముందు, నెత్తురంటిన వెనక చక్రం కడగాలి. కడగడానికి మోటరును బయటికి తీయాలి. వెనక నిలబడ్డ నలుగురిలో ఒక ఆడమనిషి ఉంది. కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ తోకకు ఆనించింది. పోచయ్య భార్య నర్సవ్వ. సాయిలు దిగి గడి జవాను ఎంకయ్యను పక్కకు పిలిచాడు. ముగ్గురు చాలన్నాడు, ఆమెను పంపించమన్నాడు. ఎంకయ్య చెడ్డవాడు కాదు, కానీ అతని లెక్క అతనికుంది. మనిషికి కాలు నలిగితే ఇంటి వంతు ఎట్లా పోతుందన్నాడు. ఆయన రాకపోతే ఆమె, ఆమె రాకపోతే ఇంట్లో ఇంకెవరుంటే వాళ్ళు.

నర్సవ్వ ఆ మాటలన్నీ వింటూనే ఉంది. "నెట్టుడే గదా, నెడ్త. బ్యాటరి ఒస్తే గీ నెట్టుడు ఉండదంట గద బిడ్డా?"

"ఉండదు నర్సవ్వా," అన్నాడు సాయిలు.

*

కామారెడ్డి స్టేషను వెనక కరీమొద్దీన్ మిస్త్రీ షెడ్డు. బస్సులూ లారీలూ బాగుచేస్తాడు. ఆయిలు ఇంజనుకు డైనమో బిగించి బ్యాటరీలు నింపుతాడు. సాయిలు వచ్చిన పని చెప్పగానే మూడు బ్యాటరీలు తెచ్చి గోనెపట్టా మీద వరసగా పెట్టించాడు.

మొదటిది కర్రపెట్టెలో ఉన్న పాతది. మిస్త్రీయే ప్లేట్లు మార్చి మళ్ళీ కట్టాడు. సాయిలు దాన్ని కొద్దిగా పక్కకు వంచి చూశాడు. మూత చుట్టూ పోసిన తారు పగిలి, లోపలి తేజాబు, అదే యాసిడ్, చెమటలా ఊరుతున్నది. వేలితో తుడిచి వాసన చూసి పక్కకు జరిపాడు. మిస్త్రీ నొచ్చుకోలేదు, తానైనా అదే పని చేసేవాడు.

రెండోది కొత్తది, చిన్నది. ఒక్కొక్క అరలో తొమ్మిది ప్లేట్లు. సాయిలు గడి నుంచి కొలిచి తెచ్చుకున్న దారం పెట్టి చూశాడు. పొడవు సరిపోయింది, ఎత్తు సరిపోయింది. మోటరు అడుగున ఉన్న డబ్బా కోసమే చేసినట్టు ఉంది. మూడోది లారీది. పదిహేడు ప్లేట్లు. తేజాబు పోస్తే ముప్పై అయిదు సేర్ల బరువు తూగుతుంది. దారం కంటే నాలుగు వేళ్ళు పొడుగు, రెండు వేళ్ళు ఎత్తు. యుద్ధంతో ఓడలు రావడం తగ్గిందనీ, ఇటువంటిది మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేననీ అన్నాడు మిస్త్రీ.

సాయిలు ముందుగా చిన్నదాన్ని షెడ్డులో నిలిపి ఉన్న లారీకి తగిలించి మీట నొక్కించాడు. ఇంజను ఒక్క చుట్టు తిరిగి మూలిగింది. ముందు దీపం మసకబారింది. రెండోసారి నొక్కితే అర చుట్టే తిరిగింది.

"అయినా చిన్నదే పెట్కపో సాయిలూ," అన్నాడు మిస్త్రీ. "లైట్లు వెల్గుతయ్, హారను మోగుతది. తాలూక్దార్ సాబ్ ముందట నాలుగుసార్లు స్టార్టయితది. దొర ఖుష్, నువ్వు ఖుష్."

"గా తర్వాత?"

"తర్వాతేముంది? నీది పందెం ఇంజను. చలికి గట్టి పడ్తది. తొమ్మిది ప్లేట్లు దాన్ని తిప్పలేవు. మల్ల నెట్టుడే."

సాయిలు లారీ బ్యాటరీ ముందు గొంతుకూర్చుని మూతలు ఒక్కొక్కటే విప్పి లోపలికి చూశాడు. పొడిగా, కొత్త పుస్తకం అంచుల్లా ప్లేట్లు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. బండిని కొయ్యొద్దన్న మాట చెవిలో ఉంది. దొర మాట ఒకసారి దాటిన గడి వంటవాడు ఎన్ని దెబ్బలు తిన్నాడో కూడా తెలుసు. మూతలన్నీ మళ్ళీ బిగించి, ఇందులో తేజాబు పొయ్యమన్నాడు.

అది నిండడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ షెడ్డులోనే ఉన్నాడు. గంటకోసారి గాజుగొట్టంతో ఒక్కొక్క అరలో తేజాబు పీల్చి, ఎంత నిండిందో చెప్పే బెండు గొట్టంలో ఎంత పైకి తేలుతున్నదో చూశాడు. ఆరు అరల్లోనూ ఒక్క తీరుగా తేలిందాకా తీయనివ్వలేదు. తిరుగు బస్సులో దాన్ని వెనక తొట్టిలో పెట్టి, కదలకుండా పక్కనే కూర్చున్నాడు. అయినా తాడ్వాయి దాటాక గుంతల్లో తేజాబు తొణికి ఒక షావుకారి మిరప బస్తాకు చిల్లులు పడ్డాయి. పెద్ద పంచాయితీ అయింది. ఇటువంటి సామాను ఇంకెప్పుడూ ఎక్కించనని బస్సాయన తేల్చి చెప్పాడు.

దొరతో చెప్పి కోస్తే కొయ్యనివ్వడు. అందుకని సాయిలు ముందు కోశాడు. దొర మధ్యాహ్నం పడుకున్న వేళ సీటు వెనక పలక తీసి, రంపంతో నాలుగు వేళ్ళ మేర తెగ్గోసి, డబ్బా అడుగున ఇనుపపట్టీ వేసి బిగించాడు. వంకర మణికట్టుతో రంపం సరిగా ఆడలేదు. ఎడమచేత్తోనే కోశాడు. దొర లేచి వచ్చేసరికి పొట్టు ఇంకా నేల మీదే ఉంది.

చిన్న బ్యాటరీతో ముందు దీపాలు మసకగా వెలుగుతాయనీ, సాహెబు ముందు చిన్నతనమవుతుందనీ సాయిలు అబద్ధం చెప్పాడు. దొర చేతికర్రతో మోకాలి కింద ఒక్క దెబ్బ కొట్టాడు. తర్వాత, స్టార్టు చెయ్యి చూస్తానన్నాడు.

నెట్టడానికి నలుగురూ వచ్చి వెనక నిలబడే ఉన్నారు. సాయిలు మీట నొక్కాడు. ఇంజను ఒక్కపెట్టున గుర్రుమని లేచింది. గడి గోడల మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి. దొర మొహంలో కోపం ఎటుపోయిందో పోయింది. ఆపి మళ్ళీ చెయ్యమన్నాడు, మళ్ళీ చెయ్యమన్నాడు. సాయిలు వెనక్కు తిరిగి చూశాడు. నర్సవ్వ చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. కాసేపటికి వాటిని చీరకు తుడుచుకుంది. బాలనర్సయ్య మోటరు తోకను మొదటిసారి తేరిపార చూస్తున్నట్టు చూశాడు. ఎంకయ్య వాళ్ళను కట్టెలు కొట్టడానికి తోలుకుపోయాడు.

*

తాలూక్దారు సాహెబు వచ్చాడు. మోటరు ఎక్కి, తానే మూడుసార్లు మీట నొక్కి, షాబాష్ అని పోయాడు. దొర వారం రోజులు ఆ మాటే చెప్పుకున్నాడు. ఆ వారం రోజులూ మోటరు పొద్దున్నే చలిలో కూడా ఒక్క నొక్కుకు లేచింది. సాయిలు తన పనికి ఇంత సంతోషపడటం చాలా ఏళ్ళ తర్వాత ఇదే.

ఎనిమిదోనాడు దొర బామ్మర్ది హైదరాబాదు నుంచి ఒక రేడియో తెచ్చాడు. యుద్ధం సంగతులు ఇంట్లో కూర్చునే వినవచ్చు. ఊళ్ళో కరెంటు లేదు గనక మోటరు బ్యాటరీ మీద నడిచే రకం చూసి తెచ్చాడట. బ్యాటరీ ఏదీ అని అడిగితే దొర కొట్టంలోకి తీసుకొచ్చి చూపించాడు. బామ్మర్ది వంగి ప్లేట్లు ఎన్నని అడిగి, పదిహేడని విని కళ్ళు పెద్దవి చేశాడు. చిన్నదైతే మూడు రోజులకే పడుకునేదనీ, ఇదైతే హాయిగా తొమ్మిది పది రోజులు పాడుతుందనీ అన్నాడు.

"మావోడు మాల్ మంచిగ ఎంచిండు," అని దొర సాయిలు భుజం తట్టాడు. పది మంది ఉన్నచోట దొర అతని భుజం తట్టడం అదే మొదలు.

బ్యాటరీ తీసి చావడిలో పెట్టమన్నాడు. సాయిలు రెంచి పట్టుకుని, ఇది తీస్తే మోటరు ఎట్లా లేస్తుంది అని నెమ్మదిగా అడిగాడు.

దొరకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "నెట్టెటోళ్ళు చచ్చిండ్రా?"

మర్నాడు పొద్దున మళ్ళీ నలుగురు వచ్చారు. నర్సవ్వ కొంగు బిగించి తన చోట తాను నిలబడింది. సాయిలు వెనక్కు తిరగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. బండి కదిలినప్పుడు ఆమె ఆయాసం మిగతా ముగ్గురి ఆయాసంలో కలవకుండా వేరుగా వినిపించింది.

రేడియో పది రోజులు మోగింది. గడి చావడి ఎప్పుడు చూసినా జనంతో నిండి ఉండేది. పదకొండోనాటికి గొంతు సన్నబడి, పన్నెండోనాటికి పూర్తిగా ఆగింది. కామారెడ్డి తీసుకుపోయి నింపాలి. బస్సాయన ఎక్కించనన్నాడు. మోటరులో పెడితే సీటు తోలు పాడవుతుందని దొర ఒప్పుకోలేదు. బండ్లన్నీ వడ్లు మోస్తున్నాయి, వాటిని ఆపడం కుదరదు. ఇద్దరు మనుషులు దుడ్డుకర్రకు కట్టి మోసుకుపోతే సరి అన్నాడు దొర. ప్రతిసారీ అంతే అనుకోమన్నాడు. తేజాబు వ్యవహారం గనక సాయిలు వెంట నడవాలి.

కామారెడ్డి పదకొండు కోసులు, ఇరవై మైళ్ళ పైమాటే. బాలనర్సయ్య ముందు, వెంకటి వెనక. మధ్యలో తాళ్ళకు వేలాడుతూ బ్యాటరీ. మూతలకు బెండ్లు బిగించి, పైన గుడ్డ చుట్టి కట్టాడు సాయిలు. అయినా ఎగుడుదిగుడు తోవలో ఎక్కడో ఒకచోట చుక్క ఎగిరేది. రెండు కోసులు పోకముందే వెంకటి ధోవతికి రెండు చిల్లులు పడ్డాయి. బాలనర్సయ్య పిక్క మీద పడ్డ చుక్కను సాయిలు నీళ్ళతో కడిగి కడిగి తుడిచాడు. తోలు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. బాలనర్సయ్య దాని వంక చూసి, ఇది నీళ్ళలాగే ఉంది గదా అన్నాడు.

లింగంపేట దగ్గర సాయిలు కర్ర తాను పడతానన్నాడు. వాళ్ళు ముందు ఒప్పుకోలేదు. డ్రైవరు బరువు మోయడమేమిటని వెంకటి సిగ్గుపడ్డాడు. సాయిలు వినకుండా ఎడమభుజం పెట్టాడు. అరకోసు నడిచేసరికి భుజం కాదు, కడుపులో పేగులు కిందికి లాగినట్టయింది. దింపి చెట్టు కింద కూర్చున్నారు. వెంకటి నీళ్ళకు పోయాడు.

బాలనర్సయ్య బ్యాటరీ వంక చూస్తూ అడిగాడు. "అన్నా, దీనికంటె చిన్నది దొర్కకుండెనా?"

"దొరికింది."

"మరి?"

సాయిలు తాడు ముడి విప్పి, అవసరం లేకున్నా మళ్ళీ వేశాడు. "పెద్దదైతే మీకు నెట్టుడు తప్పుతదనుకున్న."

బాలనర్సయ్య అట్లాగా అన్నట్టు తల ఊపి, దుడ్డుకర్ర రెండో భుజానికి మార్చుకోవడానికి తలగుడ్డను మడతపెట్టుకున్నాడు.

*

రెండోనాడు పొద్దున్నే కామారెడ్డి చేరారు. మనుషులు మోసుకొచ్చిన బ్యాటరీని చూసి కరీమొద్దీన్ మిస్త్రీ ఎదురొచ్చి దింపించాడు. రేడియో సంగతి విని నాలుక చప్పరించాడు. చిన్న బ్యాటరీ ఇంకా అమ్ముడుపోలేదనీ, కావాలంటే మార్చుకొమ్మనీ అన్నాడు. దాన్ని ఒక్క మనిషి నెత్తిన పెట్టుకుని పోవచ్చు. కానీ అది మూడు రోజులకే ఖాళీ అవుతుంది. అంటే నెలకు ఎన్నిసార్లు రావాలో చూసుకొమ్మన్నాడు.

సాయిలు రెండు బ్యాటరీల మధ్య నిలబడ్డాడు. ఒకటి బరువు, ఒకటి తిప్పలు. పోయినసారి తానొక్కడే ఎంచాడు. ఈసారి షెడ్డు గుమ్మం దగ్గర కూర్చున్న ఇద్దరినీ పిలిచి, ఏది ఉంచమంటారో చెప్పమన్నాడు. వెంకటి వెనక్కు తిరిగి చూశాడు, ఇంకెవరినో అడుగుతున్నాడనుకున్నాడు. సాయిలు మళ్ళీ విడమరచి చెప్పాడు. ఏది ఎంత బరువో, ఏది ఎన్ని రోజులు నడుస్తుందో అంతా చెప్పాడు.

బాలనర్సయ్య ముందు చిన్నదాన్ని ఎత్తి చూశాడు. "గీ చిన్నది ఎన్ని దినాల్ల నిండుతది?"

"ఒక్క దినం," అన్నాడు సాయిలు.

"పెద్దది?"

"రెండు దినాలు. మెల్లగ పెడితే మూడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయితే పెద్దదే ఉండనియ్యన్నా," అన్నాడు బాలనర్సయ్య.

"మోసుడు కష్టమైతది."

"మోసుడు ఎట్లైనా మోసుడేనాయె. నిండేదాక ఈడ మమ్ముల వెట్టికి ఎవలు పిలుస్తరు?"

సాయిలు లారీ బ్యాటరీ ఎత్తి డైనమో పక్కన పెట్టించి, తీగలు తానే బిగించాడు. మిస్త్రీ ఇంజను లేపి, కరెంటు పెంచే చక్రం మీద చేయి వేశాడు. జల్దీ ఉంటే గట్టిగా పెడతాననీ, రేపు సాయంత్రానికే ఇచ్చేస్తాననీ అన్నాడు.

"వద్దు. మెల్లగ పెట్టు మిస్త్రీ. ఎంత మెల్లగ పెడ్తవో గంత మెల్లగ పెట్టు. గట్టిగ పెడితే ప్లేట్లు పాడైతయని దొరకు నేను చెప్త."

మిస్త్రీ అతని వంక ఒకసారి, గోడ వైపు ఒకసారి చూశాడు. చక్రం వెనక్కు తిప్పాడు. కరెంటు చూపించే సూది దిగి దిగి, సున్నాకు కొంచెం పైన ఆగింది.

గోడ పక్కన ఎండలో బాలనర్సయ్య అప్పటికే దుడ్డుకర్ర తలకింద పెట్టుకుని పడుకున్నాడు. వెంకటి కూడా ఒరిగాడు. కాసేపటికి, అలవాటు కొద్దీ, ఎవరో పిలిచినట్టు తల ఎత్తి చూశాడు. ఎవరూ పిలవలేదు. మళ్ళీ పడుకున్నాడు.